పొలం నుంచి ఇంటికి క్షేమంగా చేరే హక్కు

పొద్దుగూకే వేళ పోచారం నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద ఒక్క గంట నిలబడి చూడండి. నాట్లు వేసి వస్తున్న ఆడకూలీలు పది పదిహేను మంది ఒకే ఆటోలో కూర్చొని వస్తుంటారు. పాల క్యాన్లు రెండు పక్కలా కట్టుకొని ఒకరు బండి మీద పోతుంటారు. మోటర్ బంద్ చేసి, పార భుజాన వేసుకొని ఇంకొకరు నడిచి వస్తుంటారు. బర్రెలు తోలుకొచ్చే ముసలాయన వాటిని ఓరకు మళ్లించలేక కట్టె ఊపుతుంటాడు. వీళ్లందరి మధ్య నుంచి ఒక కారు హారన్ కొట్టుకుంటూ, ముందున్న లారీని దాటేసి, ఎదురొచ్చే బండిని మట్టి అంచుకు నెట్టేసి వెళ్లిపోతుంది. బండి మీదున్న మనిషి పడలేదు కాబట్టి అది ఎక్కడా రాయబడదు. ఆ మనిషి కాసేపు తిట్టుకొని, గుండె దడ తగ్గాక మళ్లీ బండి స్టార్ట్ చేసి పోతాడు. మన ఊళ్లలో ఇది రోజూ జరిగేదే. పడితేనే వార్త అవుతుంది.

మన పత్రిక ఎరువుల కొరత మీద, కాంటాల ఆలస్యం మీద, కరెంటు మీద, పంట నష్టం మీద రాస్తుంది. రోడ్డు మీద ఎందుకు రాయాలని ఎవరికైనా అనిపించవచ్చు. గత నెల ఒక గ్రామంలో సమావేశం ముగించుకొని వస్తుంటే, ప్రాజెక్టు దగ్గర మలుపులో ఒక కారు మా బండిని ఓరకు తోసేసింది. వెనక కూర్చున్న సభ్యుడు మోచేయి కొట్టుకుపోయి లేచి నిలబడి అన్న మాట ఇది: "ఎండిన పంటకు పరిహారం అడుగుతం, తడిసిన వడ్లకు పరిహారం అడుగుతం. రోడ్డు మీద పోయే పానానికి ఎవరిని అడగాలె?" ఆ ప్రశ్నకు మా దగ్గర అప్పుడు జవాబు లేదు. వెతికితే కొంత దొరికింది. అదే ఈ సంపాదకీయం.

2022 మే 8ని మన ప్రాంతం మరిచిపోలేదు. పిట్లం మండలం చిల్లర్గి గ్రామస్తులు, బంధువు చనిపోతే అంగడి దింపుడు కార్యక్రమానికి ఎల్లారెడ్డి వచ్చారు. చావు జరిగిన ఇంటివాళ్లు అంగడికి వచ్చి మళ్లీ మామూలు బతుకులో పడటానికి చేసుకునే పని అది. అందరూ ఒకే ఆటో ట్రాలీలో తిరిగి పోతున్నారు. నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి గేటు దగ్గర లారీ, ట్రాలీ ఢీకొన్నాయి. తొమ్మిది మంది చనిపోయారు. ఒక చావు మైల తీర్చుకొని పోతున్న ఊరికి తొమ్మిది చావులు వచ్చాయి. ప్రధానమంత్రి నుంచి స్థానిక నాయకుల దాకా సంతాపాలు తెలిపారు, పరిహారం ప్రకటించారు. నాలుగు రోజులు పత్రికలు రాశాయి. ఆ తర్వాత ఆ రోడ్డు మీద ట్రాలీల్లో మనుషులు ఎప్పటిలాగే పోతున్నారు, లారీలు ఎప్పటిలాగే ఉరుకుతున్నాయి.

ఇది ఒక్క మన జిల్లా కథ కాదు. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలంలో మిరప తోటకు కూలికి పోతున్న ట్రాక్టర్ కాలువలో పడి తొమ్మిది మంది మహిళలు చనిపోయారు. అదే ఏడు జూన్‌లో యాదాద్రి భువనగిరి జిల్లా వలిగొండ మండలం లక్ష్మాపురం దగ్గర ట్రాక్టర్ మూసీ కాలువలో పడి 15 మంది చనిపోయారు. వాళ్లూ కూలికి బయలుదేరిన వాళ్లే. అదే ఏడు సెప్టెంబర్ 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో కిక్కిరిసిన ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా ప్రాణాలు పోయాయి. పోయినవాళ్లలో ఎక్కువ మంది జగిత్యాల పల్లెల జనం. 2025 నవంబర్ 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడలో కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొని 19 మంది చనిపోయారు. ఈ పేర్లన్నీ పక్కపక్కన పెట్టి చదవండి. చనిపోయినవాళ్లలో ఎక్కువ మంది పొలానికో, కూలికో, కాలేజీకో, ఆసుపత్రికో పోతున్నవాళ్లు. సొంత కారు లేనివాళ్లు.

దేశం మొత్తం మీద 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. పదింటిలో ఏడు చావులకు అతివేగమే కారణమని ఆ నివేదికే చెప్పింది. వేగం అంటే ఏమిటో మన లెక్కలో చూద్దాం. గంటకు 80 కిలోమీటర్ల మీద పోయే బండి ఒక్క సెకనులో 22 మీటర్లు పోతుంది. డ్రైవర్ కంటికి బర్రె కనబడి, కాలు బ్రేక్ మీదకు పోయే లోపలే ఒక చిన్న మడి దాటిపోతుంది. ఆ తర్వాత బ్రేక్ పడుతుంది, బండి ఇంకా జారుతుంది. వేగం రెండింతలయితే బ్రేక్ పడ్డాక జారే దూరం నాలుగింతలవుతుంది. "సడన్‌గా అడ్డం వచ్చిండు" అని డ్రైవర్లు చెప్పే మాటలో సగం అబద్ధం ఇక్కడే ఉంది. అడ్డం వచ్చినవాడు ఎప్పటి నడకే నడిచాడు. ఆగలేని వేగంలో వచ్చింది బండి.

మన రోడ్ల మీద వేగం ఎందుకు పెరిగిందో కూడా చూడాలి. మెదక్ నుంచి ఎల్లారెడ్డి మీదుగా పోయే రోడ్డు ఇప్పుడు జాతీయ రహదారి. రోడ్డు బాగుపడాలని అడిగింది మనమే. బాగుపడితే సంతోషించిందీ మనమే. కానీ రోడ్డు వెడల్పయితే దాని మీద మన బతుకు మారలేదు. పొలం ఒక దిక్కు, ఇల్లు ఒక దిక్కు. మోటర్ ఒక దిక్కు, పశువుల కొట్టం ఒక దిక్కు. పెద్ద రోడ్డు కట్టినవాళ్లు హైదరాబాద్ నుంచి పోయే కారును లెక్కలోకి తీసుకున్నారు, రోజుకు నాలుగుసార్లు రోడ్డు దాటే రైతును తీసుకోలేదు. ఊరి దారి వచ్చి మెయిన్ రోడ్డులో కలిసే చోటును మనం గేటు అంటాం. ఆ చోట గేటూ ఉండదు, లైటూ ఉండదు. చాలాచోట్ల ఊరి పేరు రాసిన బోర్డు కూడా కంపచెట్ల వెనక దాక్కొని ఉంటుంది. హసన్‌పల్లిలో జరిగింది గేటు దగ్గరే. మన మండలాల్లో ఎక్కడెక్కడ మనుషులు పడ్డారో ఊరి పెద్దలను అడగండి. వాళ్లు చెప్పే చోట్లలో ఎక్కువ గేట్లే ఉంటాయి.

పోచారానికి ఇంకొక బాధ ఉంది. 1922 నాటికి పూర్తయిన ఈ ప్రాజెక్టు కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి మండలాల్లో పది వేల ఎకరాలకు పైగా పారుతుంది. 2025 ఆగస్టు చివర్లో జిల్లాలో కొన్నిచోట్ల ఒక్క రోజులో 40 సెంటీమీటర్లకు మించి వాన పడినప్పుడు, రోడ్లు, కల్వర్టులు కొట్టుకుపోయినా వందేళ్లు దాటిన ఈ కట్ట నిలబడింది. అలుగు పారుతుంటే చూడటానికి జనం వస్తారు. పక్కన అభయారణ్యం ఉంది, జింకలున్నాయి, పిల్లలను తీసుకొని వస్తారు. రావాలి కూడా. మన ప్రాజెక్టును నలుగురు చూసి మెచ్చుకుంటే మనకు సంతోషమే. కానీ ఆదివారం పూట రోడ్డుకు రెండు పక్కలా కార్లు ఆపేసి, సీసాలు తాగి పొలాల్లో పడేసి, చీకటి పడ్డాక అదే మత్తులో స్టీరింగ్ పట్టుకొని పోయేవాళ్లు మన అతిథులు కారు. పగిలిన సీసా మన కాలికి గుచ్చుకుంటుంది. తాగి నడిపిన బండి మన ఇంటి మనిషిని తీసుకుపోతుంది. అలుగు పారే రోజుల్లో అక్కడ పోలీసులను పెట్టి మందు తాగి నడిపేవాళ్లను పట్టుకోవడం పెద్ద పనేం కాదు. మోటారు వాహనాల చట్టం ప్రకారం తాగి నడిపితే మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, ఆరు నెలల దాకా జైలు ఉన్నాయి. చట్టం ఉంది. పోచారం మలుపులో నిలబడే మనిషి లేడు.

లారీ, టిప్పర్ డ్రైవర్ల గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. ప్రమాదం జరగగానే డ్రైవర్‌ను పట్టుకొని కొట్టడం మన ఊళ్లలో కనబడుతుంది. కోపం అర్థమవుతుంది. కానీ ఆ డ్రైవరూ ఒక కూలివాడే. ట్రిప్పుకింత అని లెక్క కట్టి ఇచ్చే యజమాని కింద రాత్రింబవళ్లు నడుపుతాడు. ఎన్ని ట్రిప్పులు కొడితే అంత కూలి. నిద్ర లేకుండా నడిపించేది యజమాని, ఎక్కువ లోడు ఎక్కించేది యజమాని, అరిగిన టైర్లు మార్చనిది యజమాని. కేసు మాత్రం డ్రైవర్ ఒక్కడి మీద. నాట్ల కాలంలో మన కూలీలను తెచ్చే ఆటోవాడిదీ అదే కథ. గుత్తకు పట్టిన నాటు తొందరగా కావాలె, ఒక గుంపును ఇక్కడ దింపి ఇంకొక గుంపును అక్కడికి చేర్చాలె. ఎక్కువ మందిని ఎక్కించకపోతే అతనికి గిట్టదు. డ్రైవర్ తప్పు చేస్తే శిక్ష పడాల్సిందే. నిర్లక్ష్యంగా ప్రాణం తీస్తే కొత్త న్యాయ సంహిత 106వ సెక్షన్ ఐదేళ్ల దాకా జైలు అంటోంది. దానికి మనం అడ్డు పోం. అయితే లోడు ఎక్కించినవాడినీ, నిద్ర లేకుండా నడిపించినవాడినీ వదిలేసి డ్రైవర్‌ను ఒక్కడినే జైలుకు పంపితే రేపు ఇంకొక డ్రైవర్ అదే వేగంతో అదే లారీ నడుపుతాడు.

ఇప్పుడు మన తప్పుల సంగతి. ఇది చదివి కొందరు సభ్యులకు కోపం రావచ్చు, అయినా రాయక తప్పదు.

వానాకాలం, యాసంగి పంటలు చేతికి రాగానే మన ఊళ్ల రోడ్లు కల్లాలవుతాయి. వడ్లు, మక్కలు రోడ్డుకు ఒక పక్క పొడుగునా ఆరబోస్తాం. బండ్లు ఎక్కకుండా అంచున రాళ్లు పెడతాం. సాయంత్రం కుప్ప చేసి నల్ల పరదా కప్పుతాం. రాత్రి ఆ నల్ల పరదా, ఆ రాళ్లు ఎవరికి కనబడతాయి? బండి మీద వచ్చేవాడు రాయికి తగిలి పడతాడు. ఆ పడేవాడు ఎక్కువసార్లు కారువాడు కాదు, పక్క ఊరి రైతు కొడుకే. ఎదుటివాడి నిర్లక్ష్యం మీద కోపపడే హక్కు మనకు ఉండాలంటే ఈ రాళ్ల సంగతి ముందు మనం తేల్చుకోవాలి.

రైతు రోడ్డెక్కింది సరదాకు కాదన్నది కూడా నిజం. చేతితో కోసిన రోజుల్లో పంట మెద మీద ఆరేది, కుప్ప పెట్టేవాళ్లం, తీరిక చూసుకొని కల్లంలో కొట్టేవాళ్లం. ఇప్పుడు హార్వెస్టర్ వచ్చి ఒక్క వారంలో ఊరంతా కోసి పచ్చి వడ్లు కుప్పపోసి పోతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే కాంటా పెట్టరు. మక్కలకయితే 14 శాతమే. ఇంత ధాన్యం ఒకేసారి ఆరబెట్టడానికి జాగా ఎక్కడ? ఎండకు తొందరగా కాగేది తారు రోడ్డే. ఉపాధి హామీ కింద పొలాల్లో సిమెంటు కల్లాలు కట్టడం మొదలుపెడితే, ఆ డబ్బుల మీద 2022లో కేంద్రం, రాష్ట్రం తగాదా పడ్డాయి. ఆ తగాదాలో ఎవరు గెలిచారో గానీ రైతు మాత్రం రోడ్డు మీదే మిగిలాడు. రోడ్డు మీద వడ్లు పోస్తే కేసు పెడతామని బెదిరించే అధికారులు, ఊరికి ఎన్ని కల్లాలు ఉన్నాయో, ఎన్ని డ్రయ్యర్లు ఉన్నాయో మొదట చెప్పాలి. మనం కూడా కల్లాలు వచ్చేదాకా ఆగకుండా ఇప్పుడే చేయగలిగింది చేయాలి. మలుపులో ఆరబోయవద్దు. రాళ్ల బదులు ఖాళీ బస్తాల్లో ఊక నింపి పెట్టుకోవచ్చు. పొద్దుగూకే లోపల కుప్పను రోడ్డు దించాలి. దించలేకపోతే దగ్గర ఒక లైటు పెట్టి మనిషి కాపలా ఉండాలి.

రెండో తప్పు ట్రాక్టర్లది. వెనక లైటు లేని ట్రాలీ, పగిలిన రిఫ్లెక్టర్, దాని మీద రోడ్డు సగం మూసేంత గడ్డి లోడు. చెరుకు సీజన్‌లో రాత్రిపూట రెండు ట్రాలీలు ఒకదాని వెనక ఒకటి తగిలించుకొని పోతుంటాం. టైరు పంక్చరైతే రోడ్డు మీదే ఆపి, వెనక నాలుగు చెట్టుకొమ్మలు పెట్టి ఊళ్లోకి పోతాం. వెనక నుంచి వచ్చేవాడికి ట్రాలీ కనబడేసరికి దాని కింద ఉంటాడు. ఎర్ర రేడియం స్టిక్కర్ కొనడానికి ఎంతో ఖర్చు కాదు, ఒక యూరియా బస్తా పాటి కూడా కాదు. కేజ్ వీల్స్‌తో తారు రోడ్డెక్కి రోడ్డును చీల్చేదీ మనమే, మళ్లీ గుంతలు పూడ్చలేదని ధర్నా చేసేదీ మనమే.

మూడోది అన్నిటికంటే బాధ కలిగించేది. పదిహేనేళ్ల పిల్లగాడికి ట్రాక్టర్ ఇచ్చి "మా వాడు మంచిగ నడుపుతడు" అని గొప్పగా చెప్పుకుంటాం. 2019లో చట్టం మార్చాక మైనరు నడిపి ప్రమాదం చేస్తే తండ్రికి లేదా బండి ఓనర్‌కు మూడేళ్ల దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా ఉన్నాయి. బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దవుతుంది. జైలు సంగతి పక్కన పెట్టినా, ఆ పిల్లగాడు జీవితమంతా మోసే బరువు సంగతి ఆలోచించాలి.

ఇక చాలామందికి తెలియని విషయం ఒకటి చెప్పాలి. ట్రాక్టర్ ట్రాలీ గానీ, సామాను మోసే ఆటో ట్రాలీ గానీ మనుషుల కోసం ఇన్సూరెన్స్ చేసింది కాదు. సామాను వెంట దాని యజమాని లేదా అతని మనిషి ఎక్కితే వేరు. పెండ్లికో, దినానికో, జాతరకో ఊరి జనాన్ని ఎక్కించుకొని పోయి ప్రమాదమైతే, వాళ్లకు పరిహారం కట్టే బాధ్యత తమది కాదని ఇన్సూరెన్స్ కంపెనీ కోర్టులో వాదిస్తుంది. సుప్రీంకోర్టు 2003లోనే ఆ వాదన ఒప్పుకుంది. అప్పుడు పరిహారం ఓనర్ ఇంటి మీద పడుతుంది. ఆ ఓనర్ కూడా మనలాంటి రెండెకరాల మనిషే అయితే చనిపోయిన కుటుంబానికీ న్యాయం జరగదు, అతని ఇల్లూ నిలబడదు. కూలీలను ట్రాలీలో తీసుకుపోయే ప్రతి రైతూ ఈ మాట గుర్తుంచుకోవాలి. మన పొలంలో పనికి వచ్చిన మనిషిని క్షేమంగా ఇంటికి చేర్చడం కూడా మన పనిలో భాగమే, కూలి డబ్బులు చేతిలో పెట్టడంతో అది అయిపోదు.

రైతు బీమా ఉంది కదా అంటారు. 2018 నుంచి పట్టా ఉన్న 18 నుంచి 59 ఏళ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా ఐదు లక్షలు వస్తున్నాయి. మంచిదే. కానీ ఆటోలో పోయే నాట్ల కూలీకి పట్టా లేదు. కౌలు రైతుకు లేదు. అరవై దాటినా ఇంకా బర్రెలు తోలుతున్న ముసలాయనకు బీమా లేదు. రోడ్డు మీద అందరికంటే ఎక్కువ ప్రమాదంలో ఉన్నవాళ్లే బీమా బయట ఉన్నారు.

ప్రమాదం జరిగినప్పుడు ఏం చేయాలో ప్రతి ఇంట్లో తెలిసి ఉండాలి.

మొదట 108కు, 112కు ఫోన్ చేయాలి. దెబ్బ తగిలినవాళ్లను ఆసుపత్రికి తీసుకుపోతే పోలీసు కేసులో ఇరుక్కుంటామన్న భయం వద్దు. 2019 సవరణలో 134ఏ సెక్షన్ సాయం చేసినవాళ్లకు రక్షణ ఇచ్చింది. పేరు చెప్పమని, సాక్ష్యం చెప్పమని వాళ్లను బలవంతం చేయకూడదు. 2025 మే నుంచి కేంద్రం నగదు లేని వైద్యం పథకం తెచ్చింది. రోడ్డు ప్రమాదంలో దెబ్బలు తగిలినవాళ్లకు, పథకం కింద ఉన్న ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షా యాభై వేల రూపాయల దాకా వైద్యం ఉచితంగా చేయాలి. ఆసుపత్రిలో ముందు డబ్బు కట్టమంటే ఈ పథకం పేరు చెప్పి అడగండి.

గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా పరిహారం ఉంది. 2022 ఏప్రిల్ నుంచి చావుకు రెండు లక్షలు, పెద్ద గాయానికి 50,000 రూపాయలు. అంతకు ముందు చావుకు ఇచ్చింది 25,000 మాత్రమే. దరఖాస్తు రెవెన్యూ అధికారి దగ్గర పెట్టాలి. ఈ పథకం ఎంతమందికి తెలుసో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన లెక్కే చెబుతుంది. 2022లో దేశంలో 67,387 గుద్ది పారిపోయిన కేసులు నమోదైతే, ఆ ఆర్థిక సంవత్సరంలో వచ్చిన దరఖాస్తులు 205. అందుకే 2024 జనవరిలో కోర్టు, బండి వివరాలు నెల రోజుల్లో దొరక్కపోతే బాధితుల కుటుంబానికి ఈ పథకం గురించి పోలీసులే రాతపూర్వకంగా చెప్పాలని ఆదేశించింది. మన ఊళ్లలో ఎంతమందికి అలాంటి కాగితం అందింది? అందకపోతే ఠాణాకు పోయి అడగడం మన సంఘం పని.

బండి దొరికితే జిల్లా కోర్టులోని ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. దీనికి చట్టం ఆరు నెలల గడువు పెట్టింది. దినాలు, మాసికాలు అయ్యాక చూద్దామని ఆగితే గడువు దాటుతుంది. ఎఫ్ఐఆర్ కాపీ, పోస్ట్‌మార్టం రిపోర్టు, పాస్‌బుక్, కొనుగోలు కేంద్రం రసీదులు, పాల కేంద్రం లెక్కల పుస్తకం జాగ్రత్త చేయాలి. చనిపోయిన మనిషి ఎంత సంపాదించేవాడో దాన్ని బట్టే పరిహారం లెక్క కడతారు. రైతు ఆదాయానికి కాగితం ఉండదు కాబట్టి కోర్టులో రైతు ప్రాణం చవకైపోతుంది. మధ్యవర్తులు వచ్చి లక్షో రెండు లక్షలో చేతిలో పెట్టి కాగితాల మీద వేలిముద్రలు తీసుకుంటారు. పంచాయితీలో కూర్చొని రాజీ చేసే పెద్దలు కూడా, చట్టం ప్రకారం ఎంత వస్తుందో ఒకసారి వకీలును అడిగి తర్వాత మాట్లాడాలి.

మా డిమాండ్లు ఇవి. మెదక్, ఎల్లారెడ్డి, బాన్సువాడ రోడ్డు మీద ప్రతి గేటు దగ్గర లైటు, బోర్డు, వేగం తగ్గించే గీతలు పెట్టాలి. రెండు మూడుసార్లు ప్రమాదాలు జరిగిన చోట్లను ప్రమాద ప్రాంతాలుగా గుర్తించి, ఆ జాబితాను గ్రామ పంచాయతీలో అంటించాలి. పోచారం ప్రాజెక్టు దగ్గర బండ్లు ఆపడానికి రోడ్డుకు దూరంగా జాగా చూపించాలి, అలుగు పారే రోజుల్లో తాగి నడిపేవాళ్ల తనిఖీ పెట్టాలి. వరదలకు కోసుకుపోయిన రోడ్డు అంచులు పూడ్చాలి. మట్టి అంచు లేని రోడ్డు మీద నడిచేవాడికి తప్పుకునే చోటు ఉండదు. పంట కోతలకు ముందే ఊరూరా కల్లాలు, డ్రయ్యర్లు ఇవ్వాలి. పొద్దున, సాయంత్రం కూలీలు పోయే వేళల్లో ఊళ్లకు బస్సులు నడపాలి. బస్సు ఉంటే ట్రాలీ ఎక్కేదెవరు? కౌలు రైతులకు, వ్యవసాయ కూలీలకు రైతు బీమా లాంటి బీమా ఇవ్వాలి. లోడు మించిన లారీకి డ్రైవర్‌తో పాటు యజమాని మీద, లోడు ఎక్కించిన చోటు మీద కేసు పెట్టాలి.

ఇవి అడగడానికి పోయే ముందు మన ఇంట్లో పని మనం మొదలుపెట్టాలి. వచ్చే నెల ప్రతి గ్రామ కమిటీ ఒక సాయంత్రం కూర్చొని మూడు పనులు చేయాలని కోరుతున్నాం. ఒకటి, ఊరి చుట్టూ గత ఐదేళ్లలో మనుషులు పడిన చోట్లు, చనిపోయినవాళ్లు, వాళ్ల కుటుంబాలకు వచ్చినదీ రానిదీ ఒక నోటుపుస్తకంలో రాయాలి. రెండు, ఊళ్లో ఉన్న ప్రతి ట్రాక్టర్, ట్రాలీ, ఎడ్లబండి వెనక ఎర్ర రేడియం అంటించాలి. పైసలు లేనివాళ్లకు కమిటీ ఇవ్వాలి. మూడు, రోడ్డు మీద వడ్లు ఆరబోసేవాళ్లందరినీ పిలిచి, రాళ్లు వద్దని, మలుపుల్లో వద్దని, రాత్రిపూట వద్దని ఊరి మాటగా కట్టుబడాలి. నోటుపుస్తకాలు ఎల్లారెడ్డి ఆఫీసుకు చేరిన తర్వాత అన్నీ కలిపి జిల్లా కలెక్టర్ గారికి ఇస్తాం. "మీ దగ్గర లెక్క ఉందా?" అని అధికారులు ప్రతిసారీ అడిగే ప్రశ్నకు ఈసారి మన చేతిరాతలో జవాబు ఉంటుంది.

కారు నడిపేవాళ్లలో మన పిల్లలూ ఉన్నారు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ పండుగకు ఊరికి వచ్చే కొడుకు, అల్లుడు ఆ రోడ్డు మీదే వస్తారు. బతుకమ్మకు వచ్చినప్పుడు, సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్లకు ఒక్క మాట చెప్పండి: పోచారం దాటినంక నెమ్మదిగ రా బిడ్డా, ఆ వేళకు మీ అమ్మ పొలం నుంచి రోడ్డు దాటుతుంటది.